పేరుకి తొమ్మిది అంగుళాలు

ఎవరింటికి వెళ్లినా చెప్పులు విప్పేలోగానే నా కళ్లు పైకి పోతాయి. దూలం ఏ కర్ర, ఎంత మందం, ఎక్కడైనా బీట ఇచ్చిందా అని చూసుకున్నాకే కూర్చుంటాను. సరిగ్గా దూలం నడిమి కింద కుర్చీ వేస్తే, మాటల్లో పెట్టి పక్కకి జరుపుకుంటాను. మా ఇంట్లోవాళ్లు చాదస్తం అంటారు. పలాస స్టేషను దగ్గర కలప అడితిలో ముప్పై ఏళ్లకు పైగా కొలత గుమస్తాగా పనిచేసి విరమించినవాణ్ని. ఇది చాదస్తం కాదని నాకు తెలుసు. ఇది భయం. ఎక్కడ పట్టుకుందో, ఎందుకు వదల్లేదో, ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి చెబుదామని రాస్తున్నాను.

గోతిలో నేర్చుకున్నది

పనిలో చేరిన కొత్తలో నా చేతికి ఒక అడుగుబద్ద ఇచ్చారు. అది చేతిలో ఉంటే లోకమంతా దొంగలే అనిపించేది. ఒకరోజు ఎండిన పలకల దొంతర కొలిచాను. రెండంగుళాల పలకలని రాసి ఉంది. ఒక్కటీ రెండంగుళాలు లేదు. అంగుళం ముప్పావు, కొన్ని అంతకూ తక్కువ. అవి కోసినవాడు గున్నయ్య. మందస కొండల నుంచి వచ్చే మానులన్నీ అతని రంపం కిందికే వచ్చేవి. నలుగురిలోనూ అతన్ని పట్టుకుని, మిగతా కర్ర ఎక్కడ దాచావని అడిగాను.

గున్నయ్య నా తండ్రి వయసువాడు. కోప్పడలేదు. నా చెయ్యి పట్టుకుని రంపపు గోతి దగ్గరకి తీసుకెళ్లాడు. గోతి మీద అడ్డంగా పచ్చి గుగ్గిలం మాను పడుకోబెట్టి ఉంది. ఒకడు పైన, ఒకడు కింద నిలబడి పెద్ద రంపం లాగుతున్నారు.

"దిగు బాబూ, కింద నిలబడు" అన్నాడు.

దిగాను. పొట్టు వానలా కురిసింది. కళ్లలో, నోట్లో, చొక్కాలో.

"ఆ పొట్టంతా కర్రే గదా? దారం ఏసింది రెండంగుళాలకే. రంపం నడవడానికి దారి గావాలి గదా, ఆ దారి కర్రలోంచే పోద్ది. ఇంకా ఇది పచ్చిది. మూడు నెల్లు ఆరబెడితే కుచించుకుపోద్ది. ఆపైన మీ వడ్లోడు సిత్రిక పట్టి నున్నగా సేత్తాడు, అదీ పోద్ది. నువ్వు కొలిసింది సచ్చిన కర్ర. నాను కోసింది బతికున్న కర్ర."

ఆ రోజు నాకు తెలిసిందల్లా ఇదే. కలపకి పేరు పచ్చిగా ఉన్నప్పుడు పెడతారు, కోతకి గీత పడేలా దారం వేసినప్పుడు. ఆ తరవాత అది ఎంత తగ్గినా పేరు మారదు. మార్చడానికీ వీల్లేదు. ఒకే దూలం శ్రావణంలో ఒక కొలత, వైశాఖంలో ఒక కొలత చూపిస్తుంది. కొండమీద కోసినవాడు, రైలుకి ఎక్కించినవాడు, ఊళ్లో కొన్నవాడు ముగ్గురూ మూడు అంకెలు చెబితే వ్యాపారం నడవదు. అందుకని అందరూ పుట్టినప్పటి పేరే పిలుస్తారు. ఇందులో మోసం లేదు. తెలిసినవాళ్ల మధ్య ఇది ఒక ఒప్పందం. తెలియనివాడు మధ్యలోకి వచ్చినప్పుడే ప్రమాదం.

గున్నయ్యకి క్షమాపణ చెప్పాను. "పోన్లే బాబూ, కళ్లలో పొట్టు కడుక్కో" అన్నాడు.

పెద్ద గుమస్తా గారి పద్ధతి

అడితిలో నాపైన పెద్ద గుమస్తా నరసింగరావు పంతులు గారు. మర్యాదస్తుడు, గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. ఆయన నాకు నేర్పిన పద్ధతి ఒక్కటే: అడిగినదానికి జవాబు చెప్పు, అడగనిది చెప్పకు.

"ఆరంగుళాల దూలం కావాలంటే ఆరని చీటీ రాయి. నికరంగా ఎంతుంటుందని అడిగితే చెప్పు. అడగనివాడికి చెబితే వాడికి లేని అనుమానం మనమే పెట్టినట్టు" అనేవారు.

అదే తెలివైన పద్ధతని చాలా ఏళ్లు నమ్మాను. ఆయన చెడ్డవారు కాదని ఇప్పటికీ అంటాను. కానీ మేము పంపిన దూలాల కింద ఆయన ఎప్పుడూ నిలబడి చూడలేదు. బల్ల దగ్గర కూర్చుని కలప అమ్మేవాడికి దూలమంటే చీటీ మీద అంకె.

అప్పలస్వామి వచ్చిన రోజు

పూండికి తూర్పున, సముద్రం వైపు ఉద్దానంలో ఒక ఊరు. పేరు రాయను. ఆ ఊరి ఆసామి రామ్మూర్తి నాయుడు గారు కొబ్బరికాయలు నిలవ చెయ్యడానికి రాతిగోడలతో గోదాం కట్టిస్తున్నారు. కింద నేల, పైన అటక. అటక మీద వేలకొద్దీ కాయలు పోస్తారు. ఆ పని పట్టిన వడ్రంగి అప్పలస్వామి. ఇంచుమించు నా వయసువాడే. దూలాలు చెప్పడానికి స్వయంగా పలాస వచ్చాడు.

"మా అయ్య పక్కూర్లో ఇలాటిదే కట్టినాడు బాబూ. ఆ దూలాలకి బద్దేసి కొలుసుకొచ్చినాను. ఎత్తు తొమ్మిది, వెడల్పు ఆరు, సరీగా. ఏబై ఏళ్లయినా కదల్లేదు. అలాటివే మూడు పంపండి."

అతని తండ్రి దూలాలు బాడిసతో చెక్కినవి, ఏళ్ల తరబడి ఆరిన మానుల్లోంచి తీసినవి. వాటి తొమ్మిది నిజంగా తొమ్మిదే. మేము పంపేవి పచ్చి గుగ్గిలంలోంచి కోసేవి. వాటి తొమ్మిది పేరుకే. ఈ తేడా అతని మాట పూర్తయ్యేలోపే నా బుర్రలో మెదిలింది. "మావి పదీ ఏడూ వేయించుకో" అందామని నోరు తెరిచాను కూడా. పక్కబల్ల దగ్గర పెద్ద గుమస్తా గారు తలెత్తి చూశారు. చూశారు, అంతే.

నేను చీటీ మీద తొమ్మిది ఆరు అని రాశాను. అప్పలస్వామి దండం పెట్టి వెళ్లిపోయాడు. నెలలోపల దూలాలు కోయించి పూండికి బండి ఎక్కించాం.

దూలం బలం దాని ఎత్తులో ఉంటుంది. ఎత్తు ముప్పావంగుళం, వెడల్పు అరంగుళం తగ్గితే బలం అంతే తగ్గి ఊరుకోదు, దాదాపు నాలుగో వంతు పోతుంది. ఇది నాకు తెలుసు. రెండేళ్లపాటు అప్పుడప్పుడు గుర్తొచ్చేది. గుర్తొచ్చినప్పుడల్లా ఇంకో పని మీద పడిపోయేవాణ్ని.

ఆ పగలు

రెండేళ్ల తరవాత, దసరా వెళ్లిన వారానికి అప్పలస్వామి నుంచి కబురొచ్చింది. నడిమి దూలం కిందకి దిగినట్టుంది, ఒకసారి వచ్చి చూడండి అని. పెద్ద గుమస్తా గారితో జలంత్రకోటలో పని ఉందని అబద్ధం చెప్పి పూండిలో దిగాను. ఆ రాత్రి అప్పలస్వామి ఇంట్లో ఉండి, పొద్దున్నే గోదాంకి వెళ్లాం.

ఆకాశం బూడిదరంగులో ఉంది. చినుకు లేదు. సముద్రం మాత్రం గోల పెడుతోంది.

ఆ చివర నుంచి ఈ చివరకి దారం కట్టి చూశాం. నడిమి దూలం రెండు వేళ్ల మందాన కుంగి ఉంది. బద్ద వేశాను. ఎత్తు ఎనిమిదింపావు. వెడల్పు ఐదున్నర. అడుగున సన్నటి బీట ఒకటి మొదలై ఉంది. పైన అటక నిండా పీచుతోనే ఉన్న కాయలు.

"ఇది తొమ్మిదేనా బాబూ?" అన్నాడు అప్పలస్వామి.

"పేరుకి తొమ్మిదే" అన్నాను.

అతను నా వంక చూడలేదు. దూలం వంకే చూశాడు. "సరుగుడు గుంజలు రెండు తెప్పించి గోడ పక్కన పడేసినాను. రేపు కాయలు దింపించి ఊతం పెడదుం" అన్నాడు.

రేపటి దాకా ఆగలేదు. మేము బయటికి వచ్చేసరికి గాలి తిరిగింది. తూర్పు నుంచి ఒక్క ఊపున వచ్చి కొబ్బరిమట్టల్ని దూసుకుపోయింది. వెంటనే వాన. కొంతసేపటికే తాటాకు ఇళ్ల కప్పులు లేవడం మొదలుపెట్టాయి. ఊరంతా గోదాం వైపు పరిగెత్తింది. రాతిగోడలున్నది అదొక్కటే. నాయుడు గారు తలుపులు బార్లా తెరిచి, "రండర్రా, ముందు ముసిలోల్లు, పిల్లలు" అని కేకలు పెట్టి అందర్నీ లోపలికి తోశారు. మమ్మల్నీ తోశారు. వందమందికి పైగానే ఉంటారు. కాలు కదపడానికి చోటు లేదు.

నేను నడిమి దూలానికి సరిగ్గా ఒక బారెడు దూరంలో ఇరుక్కున్నాను. దూలం కిందే నీలమ్మ అనే ఆవిడ, నెల నిండని బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎవరో ఆవిడకి నేనెవరో చెప్పినట్టున్నారు.

పైన పెంకులు ఒక్కొక్కటీ ఎగిరిపోతున్న చప్పుడు. కప్పు చీలిన చోట వాన నేరుగా కాయల మీద పడుతోంది. అటక పలకల సందుల్లోంచి నీళ్లు కారడం మొదలైంది. కొబ్బరి పీచు నీళ్లు తాగుతుంది. ప్రతి కాయా నిమిషానికి నిమిషం బరువెక్కుతోంది.

నీలమ్మ తలెత్తి పైకి చూసి నన్నడిగింది: "బాబూ, నువ్వు కర్రలోడివంట గదా. ఇది ఆగుద్దేటి?"

"ఆగుతుందమ్మా" అన్నాను.

నా వృత్తిలో నేనాడిన అబద్ధాల్లో అంత చిన్నదీ లేదు, అంత ఘోరమైనదీ లేదు.

ఆ తరవాత సుమారు గంటసేపు నేను నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. దూలం నిలవదని అరిస్తే జనం తలుపు మీద పడి తొక్కుకుంటారని, బయటికి పరిగెత్తి గాలికి పోతారని అనుకున్నాను. అది నిజమే. కానీ అదే కారణం కాదు. ఆ దూలం నేను పంపింది. పేరుకీ నికరానికీ తేడా తెలిసి పంపాను. ఆ సంగతి వందమంది ముందు నా నోటితో చెప్పుకోలేకపోయాను. చచ్చిపోతానన్న భయం ఒకవైపు, తలెత్తుకోలేనన్న భయం ఒకవైపు. ఆ గంటలో రెండోదే పెద్దదిగా ఉంది. ఇప్పుడు రాస్తుంటే కూడా ముఖం వేడెక్కుతోంది.

జనం మధ్యలోంచి అప్పలస్వామి ముఖం కనబడుతూనే ఉంది. అతనూ దూలం వంకే చూస్తున్నాడు. మా చూపులు కలిశాయి, విడిపోయాయి.

అప్పుడు దూలం పలికింది. ఎండిన మట్ట విరిచినప్పుడు వచ్చే చప్పుడులాంటిది, అంతకంటే లోతుగా. గాలి హోరులో మిగతావాళ్లకి వినబడలేదు. నాకు వినబడింది. పొద్దున చూసిన సన్నటి బీట ఇప్పుడు వేలు పట్టేంత వెడల్పయింది.

నేను ఎలా అరిచానో తెలియదు. "నాయుడు గారూ! ఈ దూలం ఆగదు. పేరుకే తొమ్మిది, ఉన్నది ఎనిమిది చిల్లర. పంపింది నేనే. తెలిసే పంపాను. పైన కాయలు దింపెయ్యాలి!"

నాయుడు గారు నన్ను కొడతారనుకున్నాను. ఆయన నా ముఖం కూడా చూడలేదు.

"కాయలేటి, మనుసులేటి! ఎక్కండర్రా పైకి, గోడల వారకి తోసీండి! నడిమినున్నోల్లు లెగండి, గోడలకి అంటుకోండి. తలుపు జోలికెవడూ ఎల్లొద్దు!"

అంతే. ఎవరూ తొక్కుకోలేదు. ఎవరూ బయటికి పరిగెత్తలేదు. నీలమ్మను ఇద్దరు పట్టుకుని మూలకి జరిపారు. నిచ్చెన మీద నలుగురు ఎక్కి నానిన కాయల్ని రెండు పక్కలకీ దొర్లించడం మొదలుపెట్టారు. గంటసేపు నేను భయపడినదేదీ జరగలేదు.

కానీ ఊతం కావాలి. గుంజలు బయట గోడ పక్కన ఉన్నాయి. గంట ముందు అయితే ఇద్దరు మనుషులు నడిచివెళ్లి తెచ్చేవాళ్లు. ఇప్పుడు తలుపు జానెడు తెరవడానికి ఆరుగురు పట్టారు. అప్పలస్వామి, నేను, ఇంకో ఇద్దరం నేలమీద పాకుతూ వెళ్లాం. వాన చినుకు చినుకులా లేదు, రాయిలా తగిలింది. ఒక గుంజ ఎటో కొట్టుకుపోయింది. రెండోదాన్ని ఈడ్చుకుంటూ వచ్చాం.

గుంజ నిలబెడితే నాలుగు వేళ్లు తక్కువయింది. అప్పలస్వామి దూలం కింద ఒక చెక్కముక్క దూర్చి, కుడిచేత్తో పట్టుకుని, నన్ను కింద గుంజ పట్టుకోమన్నాడు. "నువ్వు గట్టిగా పట్టుకో బాబూ, నాను బిగించేత్తాను" అన్నాడు. ఎడమచేత్తో సమ్మెట అందుకోబోయాడు. దూలం ఇంకోసారి పలికి, ఒక్కసారిగా రెండంగుళాలు దిగి గుంజ మీద కూర్చుంది.

దిగి ఆగిపోయింది. గుంజ ఆపింది. అతని కుడిచెయ్యి మధ్యలో ఉంది.

అతను అరవలేదు. "ఓలమ్మా" అన్నాడు మెల్లిగా, నిద్రలో అన్నట్టు. దూలాన్ని సందు చేసి చెయ్యి తియ్యడానికి చాలాసేపు పట్టింది. సాయంత్రానికి గాలి పడమటికి తిరిగి తగ్గింది. గోదాంలో ఉన్నవాళ్లందరూ ప్రాణాలతో బయటికి నడిచారు. అప్పలస్వామి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మాత్రం పోయాయి. వడ్రంగికి ఆ రెండు వేళ్లు పోతే చెయ్యే పోయినట్టు.

బయటికి వచ్చేటప్పుడు నీలమ్మ నా ముందు నుంచే నడిచింది. బిడ్డ తలను కొంగుతో కప్పి, నన్ను తప్పుకుని వెళ్లింది.

ఆ తరవాత

పలాస వచ్చి పెద్ద గుమస్తా గారికి జరిగిందంతా చెప్పాను. అంతా విని, "చీటీలో తొమ్మిదనే ఉంది కదా, మనం పంపిందీ తొమ్మిదే కదా. మన తప్పేముంది?" అన్నారు. ఆ మాట అంటూనే పాత చీటీల కట్ట విప్పి ఆ చీటీని రెండుసార్లు చదువుకున్నారు. అది చూశాక ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయనకీ భయమే.

మర్నాటి నుంచి కలప కావాలని వచ్చిన ప్రతివాణ్నీ ముందు ఒక ప్రశ్న వేసేవాణ్ని: పేరు కొలతా, నికరమా? దేనికి వాడతావు? పైన ఏం పెడతావు? కింద ఎవరుంటారు? కొందరు విసుక్కున్నారు. కొందరు పక్క అడితికి పోయారు. పెద్ద గుమస్తా గారు మొదట్లో దగ్గేవారు, తరవాత మానుకున్నారు. కొత్తగా చేరేవాళ్లకి నేను చెప్పేది ఇంతే. పేరుకీ కర్రకీ తేడా ఉండటం తప్పు కాదు, అది కర్ర స్వభావం, రంపం స్వభావం. ఆ తేడా తెలిసినవాడివి నువ్వయితే, అడగలేదన్నది నీకు సాకు కాదు. ఎదుటివాడికి అడగాలని కూడా తెలియదు.

అప్పలస్వామి దగ్గరకి వెళ్లడానికి మాత్రం నాకు మూడు నెలలు పట్టింది. రెండుసార్లు పూండి దాకా వెళ్లి తిరిగొచ్చేశాను. మూడోసారి వెళ్లేసరికి అతను ఇంటిముందు ఒక తలుపు చట్రం ముందేసుకుని కూర్చుని ఉన్నాడు. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది.

ఏం చెప్పాలో రోజులతరబడి మనసులో కూర్చుకున్నాను. "ఆ గంట ముందే చెప్పి ఉంటే..." అన్నాను చివరికి.

"కూకోండి బాబూ" అన్నాడు. ఎడమచేత్తో చట్రం అంచు తడిమాడు. తరవాత తల వంచుకునే అన్నాడు: "మీ దూలాలు బండి దిగిన్నాడే నాను బద్దేసినాను. ఎనిమిదిన్నరే వచ్చింది."

నాకు అర్థం కాలేదు.

"నాయుడు బాబుకి సెప్తే, తిరిగి పంపీయమంతారు, పని ఆగిపోద్ది. ఎలా కొన్నావురా అని నలుగుర్లో అడుగుతారు. ఊర్లో నా పేరు పోద్ది. పెద్ద అడితోల్లు, ఆలకి తెల్దేటి అని పైకెక్కించీసినాను. రెండేళ్లు ఆ గోదాంకేసి సూడ్డానికే బయమేసీది. ఆ పొద్దున మిమ్మల్ని అడిగినాను సూడండి, ఇది తొమ్మిదేనా అని. తెలిసే అడిగినాను. గాలొచ్చినాక మీరెప్పుడు నోరిప్పుతారా అని మీ మొకంకేసి సూత్తన్నాను. నాను మాత్రం సెప్పినానేటి?"

అన్నాళ్లూ ఆ బరువు నా ఒక్కడిదే అనుకున్నాను. సగం దిగుతుందేమో అనుకుంటే దిగలేదు. ఆ గోదాంలో వందమందిలో నిజం తెలిసినవాళ్లం ఇద్దరం. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ గంటసేపు ఊరుకున్నాం.

"ఎడమసేత్తో నేర్సుకుంతన్నాను" అన్నాడు అప్పలస్వామి, మాట మార్చి. "సేతివాటం ఇంకా కుదర్లేదు. సగం దెబ్బలు పక్కకి పోతన్నాయి. మా తమ్ముడు మేకు పట్టుకోమంటే బయపడి పారిపోతన్నాడు."

చట్రం మూల దగ్గర మేకు ఒకటి సగం దిగి వంకరగా ఉంది. అతను దాన్ని లాగేసి కొత్తది నా ముందు పెట్టాడు. అడగలేదు.

నేను కింద కూర్చుని మేకును మూల మీద నిలబెట్టి రెండు వేళ్లతో పట్టుకున్నాను. అతను ఎడమచేత్తో సుత్తి ఎత్తాడు. అది గాలిలో కొంచెం వణికింది. నేను వేళ్లు తియ్యలేదు.

"కొట్టు" అన్నాను.